రికార్డర్ ఎంపిక: ఇప్పటిదాకా తేలింది

జూన్

నేను రికార్డు చేయాలనుకున్నవి రెండే: పెద్దమ్మ చెప్పే పాత సంగతులు, తెల్లవారుజామున పిట్టల కూతలు. మాటలకు ఫోను సరిపోయింది. పిట్టల దగ్గరే తంటా వచ్చింది. చాలా ఫోన్లలో మనిషి గొంతును పైకి తెచ్చి మిగతాదాన్ని అణిచేసే ఏర్పాటు ఉంటుంది. దానికి కోకిల కూత కూడా అనవసరపు చప్పుడే! పైగా మధ్యలో కాల్ వస్తే ఆ రికార్డింగ్ సంగతి ఇక అంతే. అందుకని విడిగా ఒకటి కొందామని దిగాను.

ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మీటింగులకు, క్లాసులకు వాడే సన్నటి వాయిస్ రికార్డర్లు ఒక రకం, సోనీ ఐసీడీ-పీఎక్స్470 లాంటివి. జేబులో పడతాయి, బ్యాటరీ చాలా గంటలు వస్తుంది, కొన్నింటికి యూఎస్‌బీ పిన్ను ఒంట్లోనే ఉంటుంది. రెండో రకం హ్యాండీ రికార్డర్లు: జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ వగైరా. వీటి మైకులు కాస్త పెద్దవి, లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా రికార్డవాలన్నది) మన చేతిలో ఉంటుంది. మాటలను విని రాసుకోవడమే పని అయితే మొదటి రకం చాలు, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

సైజు లెక్క కూడా వేసి పెట్టుకున్నాను. 128 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు 58 ఎంబీ దాకా అవుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలవడం), 16 బిట్ (ఒక్కో కొలతకు వాడే అంకెలు) స్టీరియో వేవ్ ఫైల్, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది, అయితే 635 ఎంబీ. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అయితే ఒక జీబీ దాటుతుంది. పెద్దమ్మ గొంతును దాచుకోవాలి కాబట్టి వేవ్ తప్ప వేరే ఆలోచన లేదు. ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, అందులో పోయింది మాత్రం వెనక్కి రాదు.

జూలై

పెట్టె మీద 96 కిలోహెర్ట్జ్ అని కనబడితే చాలు, అదే మంచిదనిపిస్తుంది. కానీ మనిషి చెవికి అందేది ఎక్కువలో ఎక్కువ 20 కిలోహెర్ట్జ్, దాన్ని పట్టడానికి అందుకు రెట్టింపు కొలతలు చాలు కాబట్టి 44.1 కూడా సరిపోతుంది. గబ్బిలాల అరుపులు పట్టాలనుకునేవాళ్లకైతే 96 కూడా తక్కువే. నాకు ఆ అంకెతో పని లేదు. నాకు కావలసిన అంకె సాధారణంగా పెట్టె మీద ఉండదు: రికార్డర్ తనంతట తాను చేసే 'స్‌స్‌' మనే హిస్ ఎంత? మెల్లగా మాట్లాడే పెద్దావిడకూ, దూరపు పిట్టకూ గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని రికార్డర్ పెంచే మోతాదు) పెంచక తప్పదు. గెయిన్‌తో పాటే హిస్ కూడా పైకి లేస్తుంది.

అందుకే తెలిసినవాళ్ల దగ్గర రికార్డర్లు అడిగి తెచ్చి ఇంట్లోనే పరీక్ష పెట్టాను. రాత్రిపూట తలుపులు వేసి, ఫ్యాను ఆపి, ఫోను వేరే గదిలో పెట్టి, గోడ గడియారానికి రెండు మీటర్ల దూరంలో అన్నింటినీ పక్కపక్కనే పెట్టి రికార్డు చేయడం. తర్వాత ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఫైల్‌లోనూ టిక్ టిక్ ఒకే ఎత్తుకు వచ్చేలా సరిచేసి, టిక్కుకూ టిక్కుకూ మధ్య ఖాళీని హెడ్‌ఫోన్లతో వినాలి. ఊరికే నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పోల్చకండి. గెయిన్ తక్కువున్నది అందులో ఊరికే గెలిచేస్తుంది.

తేడా మరీ ఎక్కువగా ఉంది. ఒక సన్నటి రికార్డర్‌లో ఆటో లెవెల్ (లెవెల్‌ను రికార్డరే సర్దుకోవడం) ఆన్‌లో ఉన్నప్పుడు ఖాళీ రాగానే హిస్ ఉప్పెనలా లేచేది, మాట మొదలవగానే టక్కున పడిపోయేది. ఆటో ఆపి విన్నా హిస్ అలాగే ఉంది, కాకపోతే నిలకడగా ఉంది. హ్యాండీ రకాలు అన్నీ దానికంటే నయం. ఇంకో సంగతి: రికార్డర్‌ను రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు జరిపితే ఆరు డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. మనుషుల మాటలకు ఇంతకు మించిన మందు లేదు. పిట్టలు మాత్రం మన మాట విని దగ్గరికి రావు.

ఆగస్టు

హ్యాండీ రకంలోని జూమ్ హెచ్1 ఎసెన్షియల్ దగ్గర ఆగాను. కారణం 32 బిట్ ఫ్లోట్, అంటే అతి చిన్న శబ్దాన్నీ అతి పెద్ద శబ్దాన్నీ ఒకే ఫైల్‌లో పట్టే పద్ధతి. లెవెల్ పెట్టుకునే టెన్షన్ లేదు. పెద్దమ్మ గుసగుసగా మొదలుపెట్టి ఒక్కసారిగా పకపకా నవ్వినా శబ్దం పగలదు, తర్వాత కంప్యూటర్లో దించుకోవచ్చు. అయితే ఇది హిస్‌ను తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. తగ్గించదు. మైకులో పుట్టే హిస్‌కు ఏ బిట్టూ అడ్డం పడదు. మైకు తట్టుకోలేనంత పెద్ద శబ్దం వచ్చినా అంతే. ఫైళ్లు కూడా బరువే, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో గంటకు 1.4 జీబీ దాకా.

వాడుకలో తెలిసినవి కొన్ని. చేత్తో పట్టుకుంటే ప్రతి కదలికా రికార్డవుతుంది, చిన్న ట్రైపాడ్ తప్పనిసరి. బల్ల మీద పెడితే కింద మడిచిన తువ్వాలు వేయాలి. బయట గాలికి స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. లోతైన శబ్దాలను కోసేసే లో కట్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెడితే గాలి గుభగుభలు కొంత తగ్గుతాయి. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ (NiMH) సెల్స్ 1.2 వోల్టులవి కాబట్టి మెనూలో బ్యాటరీ రకం మార్చాలి, లేకపోతే సెల్స్‌లో చార్జ్ ఉండగానే అయిపోయిందని చూపిస్తుంది. స్టాప్ నొక్కకుండా సెల్స్ తీయకూడదు, ఫైల్ సరిగ్గా మూసుకోక తెరుచుకోకపోవచ్చు.

మాటల పని ఇప్పుడు సాఫీగా సాగుతోంది. దూరపు పిట్టలకు మాత్రం లోపలి మైకులు చాలడం లేదు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు అందే కరెంటు) అడిగే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు, అంటే మూడు పిన్నుల పెద్ద ప్లగ్గున్నవి, దీనికి పనికిరావు, 3.5 ఎంఎం సాకెట్‌లో వచ్చేది ప్లగ్-ఇన్ పవర్ అనే కొద్దిపాటి కరెంటే. దానితో నడిచేవాటిలో ప్రీమో ఈఎం272 క్యాప్సూల్‌తో (శబ్దాన్ని పట్టే చిన్న భాగం) చేసిన మైకులను పిట్టలను రికార్డు చేసేవాళ్లు బాగా వాడతారు, సొంత హిస్ 14 డీబీఏ (చెవికి వినబడే తీరుకు సరిచేసిన డెసిబెల్స్) మాత్రమే. ఒక జత తెప్పించి మళ్లీ గడియారం పరీక్ష పెట్టాలి.