భీముడినీ చుక్కనీ సాగనంపిన సంగతి

వయసు మళ్లాక మా ఇంటికి వచ్చి చేరిన రెండు కుక్కలు, భీముడూ చుక్కా, ఒకే ఏడాదిలో మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు. భీముడిని మేమే పశువుల డాక్టరుగారిని పిలిపించుకుని, బాధ తెలియని సూదితో సాగనంపాం. చుక్క తనంతట తానే వెళ్లింది. ముసలి కుక్క ఉన్న ప్రతి ఇంటికీ ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. అయినా మన ఊళ్లలో దాని గురించి ఎవరూ నోరు విప్పరు కనుక, నాకు తెలిసినంత మేరకు వివరంగా రాస్తున్నాను.

ఇద్దరూ పశ్చిమగోదావరి జిల్లాలోని ఉండి అనే ఊరి వైపు ఒక రొయ్యల చెరువు గట్టు మీద దొరికారు. చూడగానే గ్రేహౌండ్ రక్తమని తెలిసిపోయే పొడవాటి కాళ్లు, లోపలికి పోయిన పొట్ట, సన్నని మూతి. చెరువు కాపలాకు పనికొస్తాయని ఎవరో కొని తెచ్చారట. ఈ జాతి వాసన పట్టి కాక కంటితో చూసి వేటాడుతుంది. గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తుతుంది, కానీ కొద్దిసేపే. మిగతా రోజంతా పడుకునే ఉంటుంది, మొరగడం బహు తక్కువ. అటువంటి కుక్కలతో కాపలా ఏం సాగుతుంది? లీజు ముగిసి, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు విప్పుకుని, పాక పీక్కుని వెళ్లిపోతూ వీటిని గట్టు మీదే వదిలేశారు. ఆకలిదప్పులతో మాడిపోతుందని తెలిసీ జంతువును అలా వదిలిపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం. పక్క చెరువు కాపలాదారు తన క్యారేజీలోంచి రోజూ రెండు ముద్దలు పెట్టబట్టి బతికాయి. పేర్లు కూడా ఆయన పెట్టినవే.

అప్పటికే ఎనిమిదేళ్లు దాటి ఉంటాయని పళ్లు చూసి డాక్టరుగారు చెప్పారు. ఒంట్లో కొవ్వు బాగా తక్కువుండే జాతి కావడంతో గచ్చు మీద పడుకుంటే మోచేతులు పుళ్లు పడేవి, పుష్యమాసపు మంచుకు వణికిపోయేవి. మా అత్తయ్యగారు పాత చీరలు పొరలు పొరలుగా వేసి రెండు బొంతలు కుట్టారు. భీముడికి ఒక అలవాటు ఉండేది. మనం నిలబడి ఉంటే నెమ్మదిగా వచ్చి, పక్కకు తిరిగి, తన బరువంతా మన తొడకు ఆనించి, కళ్లు సగం మూసుకుని అలాగే ఉండిపోయేవాడు. ఈ జాతి కుక్కల్లో చాలావాటికి ఇది ఉంటుందని తరువాత తెలిసింది. గట్టు మీద అన్ని నెలలు ఆకలితో గడిపిన ప్రాణి మనిషిని అంతగా నమ్మగలగడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు భీముడు కుడి ముందుకాలు కుంటసాగాడు. బెణుకు మందులతో తగ్గలేదు సరికదా, మణికట్టు పైన గట్టిగా వాపు తేలింది. గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించినప్పుడు ఆ ఎముక చెదలు తిన్న దూలంలా కనిపించింది. ఎముక క్యాన్సర్ అన్నారు. పెద్ద జాతి కుక్కల్లో, అందులోనూ గ్రేహౌండ్లలో, ఇది తరచుగా వచ్చే జబ్బేనట. బయటపడే సరికి చాలాసార్లు కంటికి కనిపించని స్థాయిలో ఊపిరితిత్తులకూ చేరి ఉంటుందట. కాలు తీసేయడం ఒక మార్గమే కానీ, వెనక కాళ్లు అప్పటికే పట్టు తప్పుతున్న ముసలివాడికి అది తగదని వైద్యులే చెప్పారు. మిగిలినవి నొప్పి మందులు. ఏ అడుగులోనైనా ఆ ఎముక విరగవచ్చన్న హెచ్చరిక.

"ప్రాణం పోయలేని వాళ్లం, తీయడం మాత్రం ఎందుకమ్మా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పాడి పశువు పోయినా ఆ పూట అన్నం ముట్టని మనిషి ఆవిడ. కానీ విరిగిన కాలితో రాత్రంతా అరిచి అరిచి పోనివ్వడాన్ని దైవనిర్ణయం అనడానికి నా మనసు ఒప్పుకోలేదు. నొప్పి మందు ఇచ్చేదీ మనమే, ఆ మందు ఇక పనిచేయడం లేదని గుర్తించాల్సిందీ మనమే. వాడు మందు వేసుకున్నాక కూడా కాలు నేల మీద ఆనించకుండా నిలబడే రోజు వచ్చినప్పుడు, ఆవిడే నా దగ్గరికి వచ్చి, "ఇంక చూడలేనమ్మా, డాక్టరుగారిని రమ్మను" అన్నారు.

డాక్టరుగారు ఇంటికే వచ్చారు. ఆసుపత్రి బల్ల మీద కాకుండా బొంత మీదే జరగాలన్నది నా పట్టుదల. ముందు మత్తు సూది ఇచ్చారు. పది నిమిషాల్లో భీముడి తల నా ఒడిలో బరువెక్కింది. వాడు గాఢంగా నిద్రపోయాకే ముందుకాలి నరంలోకి రెండో మందు ఎక్కించారు. కళ్లు మూతపడవనీ, పోయాక కూడా ఒంట్లో ఒకటి రెండు కదలికలు రావచ్చనీ, మూత్రం పోవచ్చనీ ఆయన ముందే చెప్పడం వల్ల మేము బెదరలేదు. మీ డాక్టరుగారు చెప్పకపోతే మీరే అడిగి తెలుసుకోండి. చుక్కను కూడా దగ్గరికి రానిచ్చాం. వాడి చెవి వాసన చూసి, బొంత అంచున కాసేపు పడుకుని, లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది.

సాగు కాలువలకు నీళ్లు ఆపేసిన రోజులు కావడంతో కొబ్బరితోటలో నిలువు లోతు తవ్వినా గొయ్యి పొడిగానే ఉంది. చుక్క సంక్రాంతి వెళ్లాక, మూత్రపిండాలు క్షీణించి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. దానికి సూది అవసరం రాలేదు, వస్తే ఇప్పించడానికి ఇంటిల్లిపాదీ సిద్ధంగానే ఉన్నాం. అప్పుడు దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువల్లో నీళ్లు పారుతున్నాయి. భీముడి పక్కన మూడడుగులు తవ్వేసరికి ఊట ఊరింది. నీళ్లలో పెట్టడానికి వీల్లేదని అత్తయ్యగారు గట్టిగా చెప్పి, పశువుల పాక వెనక మెరక చూపించారు. డెల్టాలో ఉండే వాళ్లు ఈ చోటు సంగతి ముందే ఆలోచించి పెట్టుకోవడం మంచిది. ఆ ఘడియలో వెతుక్కోవడం చాలా కష్టం.

మళ్లీ పెంచుతారా అని అందరూ అడుగుతున్నారు. పెంచుతాం. లీజులు ముగిసే కాలంలో గట్ల మీద ఏ ముసలి కుక్కైనా మిగిలిపోతే కబురు పెట్టమని ఆ కాపలాదారుకు చెప్పి వచ్చాను. ఆయన సరేనన్నారు.