దర్శనానికి ఒక పొడి చొక్కా

నాలుగేళ్ల కిందట ఇదే కొండకి ఒక్కణ్ణే బైక్ మీద వెళ్లాను. ఆ దర్శనంలో దేవుడి ముఖం ఎలా ఉందో గుర్తులేదు. నా పళ్లు టకటకా కొట్టుకోవడం మాత్రం బాగా గుర్తుంది. మూడొందల కిలోమీటర్ల దారిలో సగానికి పైగా వాన. ఒంటి మీదవీ, బ్యాగులోవీ అన్నీ తడిసిపోతే, చొక్కా పిండుకుని మళ్లీ అదే తొడుక్కుని వరసలో నిలబడ్డాను. గర్భగుడి ముందుకి వచ్చేసరికి నేను కోరుకున్నది ఒక పొడి తువ్వాలు.

అందుకే బాబాయ్ మళ్లీ వెళ్దామన్నప్పుడు, అదీ వానాకాలంలోనే అన్నప్పుడు, నసిగాను.

"తడవకుండా తీసుకెళ్లే పూచీ నాదిరా. చెప్పిన మాట వింటే చాలు," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఎండనకా వాననకా బైక్ మీదే తిరిగిన మనిషి. సరేనన్నాను.

బయలుదేరే ముందురోజు మిట్టమధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్తే, "అన్నీ తొడుక్కుని బండి మీద కూర్చో" అన్నాడు. పెళపెళలాడే ఎండలో రెయిన్‌కోటు, రెయిన్ ప్యాంటు, గ్లౌజులు, బూట్లు, హెల్మెట్ వేసుకుని, స్టాండు వేసిన బండి మీద హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను. బాబాయ్ మొక్కలకి నీళ్లు పెట్టే పైపు తీసుకుని ఎదురుగా నిలబడ్డాడు. పిన్ని గుమ్మంలోంచి చూసి నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. అయిదు నిమిషాలు వదలకుండా నీళ్లు కొట్టాడు.

దిగి, ఒక్కొక్కటే విప్పి, లోపల ఎక్కడ తడిసిందో చూశాం. వీపు పొడి. భుజాలు పొడి. ఛాతీ పొడి. తడిసినవి నాలుగే చోట్లు: మెడ, మణికట్లు, చీలమండలు, ఒడి.

"చూశావా? గుడ్డలోంచి చుక్క రాలేదు. వచ్చిందంతా సందుల్లోంచే. ఇంకో కోటు కొనే ముందు ఈ సందులు మూసే పని చూడు."

నాకు లెక్కల పిచ్చి కాస్త ఉంది. ఆ రాత్రి కూర్చుని చూస్తే బాబాయ్ మాట నిజమే అనిపించింది. రెయిన్‌కోట్ల మీద 5,000 అనో 10,000 అనో మిల్లీమీటర్లలో ఒక అంకె వేస్తారు. అంత ఎత్తు నీళ్లు నిలబెట్టినా గుడ్డ ఆపుతుందని అర్థం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి వేసే ఒత్తిడి మూడు సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానం, అంతే. గుడ్డకి అదో లెక్క కాదు. అదే సీటు మీద కూర్చున్న చోట ఒంటి బరువు వేసే ఒత్తిడి దానికి సుమారు ఇరవై రెట్లు. పైగా నాలుగు కుట్లు కలిసే అతుకు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఏ రెయిన్ ప్యాంటయినా ముందు అక్కడే ఎందుకు కారుతుందో అప్పుడర్థమైంది.

ఒడి సంగతి ఇంకా ఘోరం. బండి మీద కూర్చున్నప్పుడు కడుపు దగ్గర కోటు ముడతపడి గుంటలా తయారవుతుంది. ఛాతీ మీద పడ్డ నీళ్లు జారి అక్కడికే చేరతాయి, ట్యాంకు మీద పడ్డవీ అక్కడికే. చిన్నపాటి చెరువు. దాని అడుగున ప్యాంటు జిప్పు. మూడు గంటలు నడిపితే చెరువు కట్ట తెగకుండా ఉంటుందా? బాబాయ్ చెప్పిన మందు తేలిక. ప్యాంటుని నడుము దగ్గర వదిలేయకుండా ఛాతీ దాకా లాగి భుజాల మీద పట్టీలతో నిలబెట్టడం, దాని మీదుగా కోటు దించడం. అలాంటి ప్యాంటు లేకపోతే పట్టీలు మనమే కుట్టించుకోవచ్చు. రోడ్డు బాగున్న చోట అప్పుడప్పుడూ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి ఆ చెరువుని ఖాళీ చేయడం. ఇది నాకు చాలా నచ్చింది. వెనకాల వచ్చేవాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

మెడ దగ్గర తప్పు పూర్తిగా నాదే. చలేస్తుందని నూలు కండువా చుట్టుకునేవాణ్ణి. దాని కొస కాలర్ బయటికి ఉండేది. నూలు గుడ్డ దీపంలో వత్తి లాంటిది. బయట కొస నీళ్లు తాగుతుంది, లోపలి కొస చొక్కాకి అందిస్తుంది. లోపలి చొక్కా చెయ్యి కోటు మణికట్టు దాటి రెండు వేళ్లు బయటికి వచ్చినా ఇదే కథ, మోచేతి దాకా పాకుతుంది. ఈసారి సింథటిక్ గుడ్డ, అదీ పూర్తిగా లోపలికి దోపి.

గ్లౌజుల దగ్గర మాత్రం ఇద్దరికీ వాదన. బాబాయ్‌ది పెంకుటింటి సిద్ధాంతం: పై పెంకు కింది పెంకుని కప్పాలి, కాబట్టి కోటు చెయ్యి గ్లౌజు మీదికి రావాలి. ప్యాంటు బూటు మీదికి రావడం కూడా ఆ లెక్కే, దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ పెంకుటిల్లు ఉన్నచోట ఉంటుంది, బండి పరిగెడుతుంది. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకి పోతుంది. అంటే నడిపేవాడికి వాన పైనుంచి పడదు, ఎదురొచ్చి కొడుతుంది. హ్యాండిల్ పట్టుకున్న చేతుల్లోకి, కోటు చేతుల నోట్లోంచి మోచేతి దాకా దూసుకొస్తుంది. మరి గ్లౌజు పైన ఉండాలా, లోపల ఉండాలా? చివరికి రాజీ కుదిరింది. లోపలి జాకెట్ చెయ్యి, దాని మీదుగా పొడవాటి గ్లౌజు, దాని మీదుగా రెయిన్‌కోటు చెయ్యి, వెల్‌క్రో పట్టీ బిగించి. దారంతా అలాగే వెళ్లాం. మణికట్లు కొంచెం చెమ్మగిల్లాయి కానీ తడవలేదు. సిద్ధాంతం ఎవరిది గెలిచిందో ఇప్పటికీ తేలలేదు.

సామాను సర్దడం తొందరగానే అయిపోయింది. బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ని బాబాయ్ నమ్మడు. గాలికి ఎగిరిపోతుంది, లేదా అడుగున తొట్టిలా నీళ్లు పడుతుంది. కవర్ బ్యాగు లోపల ఉండాలంటాడు. దర్శనానికి వేసుకునే తెల్లచొక్కాని ఒక కవర్లో చుట్టి, దాన్ని ఇంకో కవర్లో, ఆ రెండింటినీ నోరు మూడు మడతలు చుట్టి బిగించే సంచిలో పెట్టాను. తాళపత్రాలు కూడా అంత భద్రంగా దాచి ఉండరు.

తెల్లవారకముందే బయలుదేరాం. వంద కిలోమీటర్లు పొడిగానే సాగింది. దూరాన ఆకాశం నల్లబడగానే బాబాయ్ బండి పక్కకి ఆపాడు. ఇంకా చినుకైనా పడలేదు.

"ఇప్పుడే ఎందుకు? పడినప్పుడు వేసుకుందాం బాబాయ్."

"పడ్డాక వేసుకుంటే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే."

బూట్లు విప్పకుండా ప్యాంటు ఎక్కించడానికి ఆయనకో చిట్కా ఉంది. బూటుకి ప్లాస్టిక్ కవర్ తొడిగితే సర్రున జారుతుంది. అది తెలియక నేను ఇన్నేళ్లూ రోడ్డు పక్కన ఒంటికాలి మీద గెంతులేశాను. పది నిమిషాల్లో వాన అందుకుంది.

మొదటి పావుగంట ఆయన బండి బాగా నెమ్మది చేశాడు. చాన్నాళ్ల ఎండ తర్వాత మొదట పడే వాన, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి అన్నిటినీ కలిపి జిగురు చేస్తుంది. కాసేపు గట్టిగా కురిస్తే కొట్టుకుపోయి రోడ్డు కొంచెం నయమవుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు మాత్రం ఎంత కురిసినా నమ్మదగ్గవి కావు. వాటి మీద వంగకూడదు, బ్రేకు వేయకూడదు. నీళ్లు నిలిచిన చోట ముందు వెళ్లే బండి చక్రాల జాడలోనే వెళ్లాం. మామూలు కంటే రెట్టింపు దూరంలోనే అనుకోండి.

ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు కాలిన వాసన వచ్చింది. నా రెయిన్ ప్యాంటు కుడికాలు సైలెన్సర్‌కి తగిలి అరచేయంత మేర కరిగి అంటుకుపోయింది. పైపుతో చేసిన పరీక్షలో ఇది బయటపడలేదు, ఎందుకంటే ఆ రోజు ఇంజన్ స్టార్ట్ చేయలేదు! బాబాయ్ తన మీదే విసుక్కుని, లోపలివైపు టేపు అంటించి, కింద వేలాడే గుడ్డని ఒక పట్టీతో పిక్కకి బిగించాడు. వేలాడేది ఏదైనా బండి మీద ప్రమాదమే. పొంచో లాంటి దుప్పటి రెయిన్‌కోట్లు నడిచేవాళ్లకి బాగుంటాయి కానీ, బండి మీద గాలికి ఎగిరి చెయిన్‌లోనో చక్రంలోనో ఇరుక్కుంటే తడవడం గురించి ఆలోచించే అవసరమే ఉండదు.

హెల్మెట్ గ్లాసు మసకబారడం అన్నిటికన్నా చికాకు. బయట చల్లటి గ్లాసు, లోపల వెచ్చటి ఊపిరి. నాకు కళ్లజోడు కూడా ఉంది, అంటే రెండు గోడల మసక. ముందురోజే గ్లాసు లోపలివైపు చుక్క షాంపూ రాసి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచాం. కొన్ని గంటలు పనిచేసింది. ఆ తర్వాత గ్లాసుని వేలెడు సందు తెరిచి ఉంచడమే గతి. సందుల్లోంచే వాన వస్తుందని పాఠం చెప్పించుకుని, మళ్లీ నేనే ఒక సందు తెరిచాను. ముక్కు తడిసింది, దారి కనిపించింది.

మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. టైర్లు రబ్బరువి కదా, పిడుగు ఏమీ చేయదని చాలామంది అనుకుంటారు, అది ఉత్తమాట. చెట్టు కిందా నిలబడలేదు. ఊరు కనిపించగానే ఒక బడి వరండాలో గంటకు పైగా కూర్చున్నాం. ఆ గంటలోనే నాకు చలి తెలిసింది. కోటు విప్పి చూస్తే చొక్కా తడి! వాన ఎక్కడినుంచి వచ్చిందని కంగారుపడితే, బాబాయ్ చొక్కా తడిమి, "ఇది పైనుంచి వచ్చింది కాదు, నీలోంచి వచ్చింది" అన్నాడు. చెమట. ప్లాస్టిక్ పూత వేసిన కోటు నీళ్లని లోపలికి రానివ్వదు, ఆవిరిని బయటికి పోనివ్వదు. ఆయన కోటుది వేరే రకం గుడ్డ. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్, టెఫ్లాన్ రకం ప్లాస్టిక్ కడ్డీలని వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతున్నాయని, ఒకసారి ఉన్నట్టుండి గట్టిగా లాగాడు. అది తెగకుండా ఎన్నో రెట్లు సాగింది. లోపల కంటికి కనిపించని రంధ్రాలు, నీటి చుక్క పట్టనంత చిన్నవి, ఆవిరి దూరేంత పెద్దవి. గోర్-టెక్స్ పుట్టింది అలా. అయితే పైగుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా జారకుండా ఇంకిపోవడం మొదలైతే ఆ ఆవిరి దారి కూడా మూసుకుపోతుంది. వరండాలో బాబాయ్ చొక్కా కూడా కాస్త చెమ్మగానే ఉంది. ఆ సంగతి నేను ఎత్తలేదు.

రాత్రి సత్రంలో దిగాం. బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చాం. వేడి తగిలేలా ఆరబెడితే తోలు పగులుతుంది. బండి చెయిన్ ఇంకా వెచ్చగా ఉండగానే నూనె వేశాం, వాన మొత్తం కడిగేసింది మరి. సంచి విప్పి తెల్లచొక్కాని ముట్టుకు చూశాను. పొడిగా ఉంది. మళ్లీ మడతపెట్టేశాను.

మర్నాడు ఘాట్ రోడ్డులో వాన కంటే మబ్బే ఎక్కువ. మలుపుల్లో కొండ మీంచి ఎర్రనీళ్లు రోడ్డుకి అడ్డంగా పారుతున్నాయి. తడిసిన డిస్క్ బ్రేకు మొదటి నొక్కుకి సరిగా పట్టదు, అందుకని నీళ్లు దాటిన ప్రతిసారీ తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకుంటూ ఎక్కాం. పైకి చేరేసరికి నా ఒంటి మీద తడి ఉన్నది ముక్కు మీద, కొంచెం మణికట్ల దగ్గర. ఒడి పొడి. బాబాయ్ గర్వంగా నా ప్యాంటు తడిమి చూశాడు, నలుగురూ చూస్తున్నా సరే.

రెయిన్‌కోట్లు, బూట్లు, హెల్మెట్లు సామాన్ల గదిలో పెట్టాం. మూడు పొరలు విప్పి తెల్లచొక్కా బయటికి తీశాను. ఇస్త్రీ మడతలు కూడా చెక్కుచెదరలేదు. తొడుక్కుని గడప దాటితే, గుడి దాకా రాతి ప్రాకారం. పైన కప్పు లేదు. వరసలో వందమంది. సరిగ్గా అప్పుడే కుండపోత.

మూడు నిమిషాల్లో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వెనక్కి చూస్తే బాబాయ్ గడ్డంలోంచి నీళ్లు కారుతున్నాయి.

"నా పూచీ బండి దిగేదాకానేరా" అన్నాడు.

ఈసారి పళ్లు కొట్టుకోలేదు. రెండు రోజుల ప్రయాణం ఒంట్లోని వేడిని తినేయలేదు కాబట్టి, ఆ కాసేపటి వాన ఏమీ అనిపించలేదు. దీపం వెలుగులో దేవుడి ముఖం నింపాదిగా చూశాను. కళ్లు కిందికి వాలి ఉంటాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు. నా జుట్టులోంచి నీళ్లు రాతినేల మీద పడుతుంటే పూజారి గారు చిరునవ్వుతో కాస్త పక్కకి జరగమన్నారు.

తిరిగి సామాన్ల గదికి వచ్చి, చెమట ఆరిపోయిన నిన్నటి చొక్కా తొడుక్కున్నాను, దాని మీద కోటు. తెల్లచొక్కా పిండి, రెండు కవర్లలో చుట్టి, సంచి మూతి మూడు మడతలు వేసి బిగించాను. మొత్తం సామానులో తడిగా ఉన్నది అదొక్కటే.