మెలిక తిరిగిన ప్రతి పొరా భూకంపం కాదు

వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు పేరే పెట్టుకున్న పాకాల శిలలు వంద కోట్ల ఏళ్లు దాటినవి. సున్నపురాయి, డోలమైట్, షేల్, ఇసుకరాయి: ఇందులో చాలావరకు లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నదే. ఇలాంటి రాళ్లలో పొరలు మెలికపడి కనిపిస్తే వెంటనే ‘సైస్మైట్’, అంటే భూకంపం కుదిపిన పొర, అనేస్తారు. తొందరొద్దు. లోతు లేని నీళ్లలో తుఫాను అల కూడా అదే పని చేస్తుంది.

ముందు ఇంట్లో చేసి చూడండి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసేసి, సగం నీళ్లు పోయండి. సన్న ఇసుకను చిటికెడు చిటికెడుగా అయిదు సెంటీమీటర్ల మందం వచ్చేదాకా వదలండి. దానిమీద బంకమట్టి కలిపిన నీళ్లు మెల్లగా పోసి, మట్టి పేరుకునేదాకా ఆగండి. ఇప్పుడు సీసా పక్కన చేత్తో గబగబా తట్టండి. ఇసుక రేణువుల మధ్య నీటికి ఒత్తిడి పెరిగి, రేణువుల పట్టు సడలుతుంది. ఇసుక కాసేపు గంజిలా అయిపోతుంది. మట్టిపొరను చీల్చుకుని సన్నటి ఇసుక చార పైకి రావచ్చు. రాకపోతే ఇసుకను నొక్కి పెట్టారన్నమాట, లేదా గరుకు ఇసుక వాడారు; అందులోంచి నీళ్లు ఒత్తిడి పెరగకముందే జారిపోతాయి.

రాతిలో ఈ చారే ఇసుక డైకు. మట్టిలోకి దిగిపోయిన ఇసుక ముద్దలు, వాటి మధ్య మంట నాలుకల్లా లేచిన మట్టి కూడా ఉంటాయి. అయితే ముద్దలకు పై ఇసుక బరువు ఒక్కటే చాలు, భూకంపం అక్కర్లేదు.

మరి ఎలా తేల్చాలి? మెలిక ఒక్క పొరకే పరిమితమై, పైనా కిందా పొరలు చదునుగా ఉండాలి. అన్నీ కలిసి వంగితే అది రాయి గట్టిపడ్డాక వచ్చిన మడత. ఆ పొరను పట్టుకుని వందల మీటర్లు నడవాలి. నేను ఎక్కువ నమ్మేది ఈ పరీక్షనే. పది అడుగులకే మాయమైతే అనుమానించండి. పక్కనే తుఫాను అలలు పరిచిన గుబ్బల వాలు పొరలుంటే మరీ జాగ్రత్త. మడతల ముక్కులన్నీ ఒకే వైపు చూస్తుంటే వాలు మీద జారిన బురద కావచ్చు. జారుడుకూ భూకంపం కారణం కావచ్చు గానీ, మడత ఒక్కటే ఆ మాట చెప్పదు.

అన్నీ నెగ్గినా తేదీ రాదు, తీవ్రత కచ్చితంగా రాదు. ఇసుక ఇలా ద్రవంలా మారాలంటే సాధారణంగా భూకంప తీవ్రత కనీసం 5 దాకా ఉండాలంటారు. పోలికకు, 2024 డిసెంబర్ 4న ములుగులో వచ్చిన భూకంపం తీవ్రత 5.3.