అన్నంలో అన్నం కలుపుకున్న రోజులు

చెప్పు కరిచి కాలి మీద పుండు పడింది. ఎంతకీ మానదు. రాత్రిళ్లు పదేపదే బాత్రూంకి లేవడం, ఎన్ని నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోవడం. రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె) 9.4 వచ్చింది. 6.5 నుంచే షుగర్ కింద లెక్క.

డాక్టరుగారు షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర రాసి డైటీషియన్ దగ్గరికి పంపారు. "అన్నం బాగా తగ్గించానండీ, కూరే ఎక్కువ తింటున్నా" అన్నాను.

"ఏం కూరలమ్మా?"

మాది కోనసీమ. కంద బచ్చలి, చేమదుంపల వేపుడు, అరటికాయ కూర, ఆలూ.

ఆవిడ నవ్వారు. "అయితే అన్నంలో అన్నం కలుపుకుంటున్నారన్నమాట!"

వంద గ్రాముల అన్నంలో కార్బోహైడ్రేట్లు, అంటే ఒంట్లో చక్కెరగా మారే పిండిపదార్థాలు, సుమారు 28 గ్రాములట. ఉడికిన బంగాళాదుంపలో 20, అరటికాయలో 30కి అటూ ఇటూ, చేమదుంపలో ఇంకాస్త ఎక్కువే. అదే బీర, సొర, దొండ, కాకర అయితే మూడు నాలుగు గ్రాములు, మిగతాదంతా దాదాపు నీళ్లే. బెండ, వంకాయల్లో ఆరేడు ఉన్నా, అందులో సగం దాకా పీచే.

"నేల కింద పండేవన్నీ మానెయ్యి వదినా" అని మా ఆడపడుచు ఫోన్‌లో తేల్చేసింది. ముల్లంగీ నేల కిందదే, అందులో మూడు నాలుగు గ్రాములకు మించి లేవు. క్యారెట్‌లో 10 లోపే. అరటికాయ చెట్టునే కాస్తుంది మరి! ఇలాంటి సూత్రాలు చెప్పడానికి బాగుంటాయి, కంచం దగ్గర పనికిరావు.

ఇంట్లో షుగర్ మీటర్ పెట్టుకుని చూసుకున్నాను. చేమదుంపల వేపుడుతో అన్నం తిన్నాక రెండు గంటలకు 241. అంతే అన్నం, బీరకాయ పప్పుతో తింటే 172. అప్పటిదాకా నమ్మని మా అత్తయ్య కూడా కళ్లద్దాలు పెట్టుకుని ఆ అంకె రెండుసార్లు చదివారు.

కంద మాత్రం వదల్లేదు. బచ్చలి రెండింతలు వేసి కంద ముక్కలు తగ్గించాం, ఆ పూట కంచంలో ఒక గరిటె అన్నం తీసేస్తాను. కాకరకాయ రసం తాగమని అందరూ చెప్పారు. నేను కూరే తింటాను, బెల్లం వెయ్యకుండా.

పుండు మానింది. మొన్నటి పరీక్షలో 6.7. మాత్ర డోసు డాక్టరుగారే తగ్గించారు. పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, పనసపొట్టు కూర సంగతి ఇంకా మీటర్‌ని అడగాలి.