విమలవసహి గుమ్మటం నమూనా: విద్యాదేవుల వలయం దాకా

మౌంట్ ఆబూలోని దిల్వాడా జైన ఆలయాల్లో విమలవసహి రంగమండపం పైకప్పుకు ఇది ప్లాస్టర్ నమూనా. ఆలయాన్ని 1031లో విమలుడు కట్టించాడు. గుజరాత్ చౌళుక్య రాజు మొదటి భీముడి దండనాయకుడాయన (మన వేంగి చాళుక్యులతో కలిపేయకండి). రంగమండపం మాత్రం తర్వాతి శతాబ్దంలో అదే వంశానికి చెందిన పృథ్వీపాలుడు చేర్చింది. లోపల ఫొటోలు తీయనివ్వరు, అచ్చయిన పాత చిత్రాలే ఆధారం. అందుకని ఇది కొలతల్లో కచ్చితమైన స్కేలు మోడల్ కాదు. అసలు గుమ్మటంలోని కొన్ని వలయాలను కలిపేసి ఏడుకు కుదించాం.

ఇప్పటికి పీఠం, కింది రెండు వలయాలు అయ్యాయి. మూడోది అచ్చులో ఉంది.

పీఠం 40 సెం.మీ. చదరం. ప్రతి మూల నుంచి రెండు వైపులా 11.7 సెం.మీ. దగ్గర గుర్తు పెడితే భుజం మధ్యలో 16.6 మిగులుతుంది. ఆ ఎనిమిది గుర్తుల మీద, నాలుగు మూలల మీద స్తంభాలు, మొత్తం 12. మూలలకు అడ్డంగా వేసే దూలం కూడా 16.6 వస్తే అష్టభుజి సమంగా కుదిరినట్టే.

గుమ్మటం అంటున్నాం గానీ ఇందులో కమాను లేదు. రాళ్లన్నీ పడుకోబెట్టినవే, ప్రతి వరుసా కింది వరుస కన్నా కొంచెం లోపలికి జరుగుతుంది. మొదటి వలయం లోపలి వ్యాసం 38, బయటిది 48 సెం.మీ. రెండోది 34, 44. అంటే 5 సెం.మీ. వెడల్పులో 2 గాల్లో, 3 కింది రాయి మీద. అంతకన్నా ముందుకు జరపాలంటే ముక్క వెనకవైపు పొడవు పెంచాలి, లేకపోతే వలయం పూర్తయ్యేలోపే ముక్కలు లోపలికి ఒరిగిపోతాయి.

వలయానికి 16 ముక్కలు. విద్యాదేవులు, అంటే జైనుల విద్యాధిదేవతలు, పదహారుగురు; లెక్క అక్కడి నుంచే వచ్చింది. ఒక్క ముక్కకు మూలరూపం చేసి, సిలికాన్ అచ్చు తీసి, పదహారు పోసుకోవడమే. ఇక్కడ కొంప ముంచేది కోణం. మూలరూపంలో పావు డిగ్రీ తేడా వస్తే 16 ముక్కలకు 4 డిగ్రీలు, రెండో వలయం లోపలి అంచున దాదాపు 1.2 సెం.మీ. సందు. కోణమానిని నమ్మొద్దు. జ్యా (వంపు అంచు రెండు కొనల మధ్య సూటి దూరం) కొలవండి: వ్యాసార్ధాన్ని 0.39తో గుణిస్తే చాలు. రెండో వలయానికి బయట 8.58, లోపల 6.63 సెం.మీ. పై వలయాన్ని 11.25 డిగ్రీలు తిప్పి పెడితే అతుకు మీద అతుకు పడదు.

3 సెం.మీ. ఎత్తున్న ముక్కకు 120 గ్రాముల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, 75 మి.లీ. నీళ్లు, చలువరాయి మెరుపు కోసం 12 గ్రాముల పాలరాతి పొడి. నీళ్లలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్ మీద నీళ్లు పోయకూడదు. ఒక నిమిషం నాననిచ్చి మెల్లగా తిప్పాలి. హడావిడిగా గిలక్కొడితే బుడగలన్నీ బొమ్మల ముక్కుల దగ్గరే చేరతాయి. మూలరూపపు బంకమట్టిలో గంధకం ఉంటే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. దానికి టిన్ రకం వాడాలి.

విద్యాదేవులకు ఒకే అచ్చు సరిపోదు. వజ్రశృంఖలకు గొలుసు, అప్రతిచక్రకు చక్రాలు, వజ్రాంకుశికి అంకుశం. పదహారింటినీ ఒకేలా పోస్తే అది వట్టి అలంకారం అవుతుంది. శరీరాలు అచ్చులో పోసి, చేతులు మణికట్టు దగ్గర ఆపేసి, ఆయుధాలు విడిగా అతికిస్తున్నాం. బొమ్మల బరువంతా లోపలివైపే పడుతుంది కాబట్టి మూడో వలయం పైకి చేరి దాని బరువుతో కింది ముక్కలను అదిమాకే బొమ్మలను అతికించాలి.

మిగిలిన అసలు పరీక్ష నడిమి పద్మశిల, అంటే గుమ్మటం మధ్య నుంచి కిందికి వేలాడే రాతి పద్మం. అక్కడి శిల్పులకు గీకిన పాలరాతి పొడి తూచి కూలి ఇచ్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, అంత పలచని రేకు ఉలి దెబ్బకు నిలవదు, రాపిడితోనే తేలాలి. మా పద్ధతీ అదే. 2 మి.మీ. కన్నా పలచని రేకు అచ్చు నుంచి తీసేటప్పుడే విరుగుతుంది. కాబట్టి డెంటల్ స్టోన్‌తో (పళ్ల అచ్చులకు వాడే గట్టి ప్లాస్టర్; 100 గ్రాములకు 30 మి.లీ. నీళ్లు) 3 మి.మీ. మందంలో పోసి, పూర్తిగా ఆరాక 220, 400 నంబర్ల ఎమరీ పేపర్‌తో 1.5కి తేవాలి. వేలాడదీయడానికి 4 మి.మీ. ఇత్తడి మరచువ్వ. మామూలు ఇనుప చువ్వ పెడితే తడికి తుప్పు పట్టి, ఆ మరక రేకుల్లోకి దిగుతుంది.