సంత కోళ్లు, పాత మంద

సంతలో కొన్న పెట్టల్ని తెచ్చిన రోజే పాత మందలో వదలడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పొడుచుకోవడం సంగతి తర్వాత, ముందు భయపడాల్సింది కొక్కెర తెగులుకి, అంటే రాణిఖేత్ అనే అంటురోగానికి. తెచ్చిన రోజు కోడి నిక్షేపంలా ఉంటుంది, వారం తిరిగేసరికి మెడ వాల్చి ఆకుపచ్చగా పారుకుంటుంది. అప్పటికి మందంతా అంటుకుపోతుంది.

అందుకే కనీసం 3 వారాలు వేరే గూడు, వేరే నీళ్ల గిన్నె. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికెళ్లాలి. రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలు, గోమార్లు చూడాలి.

తర్వాత ఓ వారం జాలీ అడ్డం పెట్టి పక్కపక్కనే ఉంచాలి. జాలీ లేకపోతే కన్నాలు పెద్దగా ఉన్న గంప బోర్లించినా సరే. పాతవి చుట్టూ తిరిగి, కన్నంలోంచి రెండు పోట్లు పొడిచి, విసుగొచ్చి పోతాయి. ఆ విసుగే మనకి కావాలి!

కలపడం చీకటి పడ్డాక. పాతవి కునుకు తీస్తుంటే అవి కూర్చునే కర్ర దండెం మీద కొత్తవాటిని పక్కన కూర్చోబెట్టాలి. తెల్లారేలోపే గూడు తలుపు తీయాలి, లేకపోతే ఇరుకులో కొత్తది మూలకి దొరికిపోతుంది. నూకలు రెండు మూడు చోట్ల చల్లాలి.

ఒంటి కోడిని మాత్రం తేవద్దు, పోట్లన్నీ దానికే. జుట్టు మీద నెత్తురు కనిపిస్తే వెంటనే విడదీసి పసుపు, వేపనూనె రాయాలి. ఎరుపు చూస్తే మిగతావి ఆగవు.