నల్లమ్మ కుదురుకున్న తీరు

వచ్చే ఉగాదికి మా కుక్క నల్లమ్మ ఇంటికి వచ్చి రెండేళ్లు నిండుతాయి. కర్నూలు దాటి నంద్యాల రోడ్డు వైపు వెళ్తే, కొందరు యువకులు సొంత డబ్బుతోనూ చందాలతోనూ నడిపే జంతువుల ఆశ్రయం ఒకటి ఉంది. అక్కడి రేకుల షెడ్డులో ఒక మూలన పడుకుని, ఎవరు వచ్చినా తల ఎత్తని నాలుగేళ్ల కుక్కను తీసుకెళ్తానని నేను అన్నప్పుడు వాళ్లే ఆశ్చర్యపోయారు. చూడవచ్చినవారిలో చాలామంది కుక్కపిల్లలనే అడుగుతారట, లేదంటే ల్యాబ్రడార్ ఉందా అని అడుగుతారట. నలుపు రంగు, ఆడకుక్క, వయసు వచ్చినది, పైగా నాటు జాతి. ఇన్ని అభ్యంతరాల మధ్య అది ఏడాదికి పైగా ఆ మూలనే ఉండిపోయింది.

అమ్మ గడప దగ్గరే ఆపేసింది. "ఏమ్రా నాయనా, ఇంత పెద్ద కుక్కను ఎవరన్నా తెస్తారా? తెస్తే పిల్లను తేవాల గానీ" అంది. ఆ తర్వాత దాని రంగు చూసి, కాలభైరవుని వాహనాన్ని గడప నుంచి వెనక్కి పంపరాదని తనే సర్దుకుని, నల్లమ్మ అని పేరు కూడా పెట్టింది. చెవి చివర కత్తిరించి ఉండటం చూసి ఎవరో హింసించారని ఇరుగుపొరుగు జాలిపడ్డారు. అది గాయం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారనడానికి గుర్తు. అదే కుక్కను మళ్లీ పట్టుకుని కోత పెట్టకుండా ఉండేందుకు ఆ గుర్తు పెడతారు, 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లోనూ ఆ పద్ధతి ఉంది.

మూడు రోజులు భయం, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు సొంత ఇల్లు అని ఆశ్రయాలవారు ఒక లెక్క చెబుతారు. నల్లమ్మ ఆ లెక్కకు లొంగలేదు. మొదటి పదకొండు రోజులు వాషింగ్ మెషీన్ వెనుక సందులోనే ఉండిపోయి, మేము నిద్రపోయామని నమ్మకం కుదిరాకే బయటికి వచ్చి గిన్నె ఖాళీ చేసేది. పొద్దున్నే అమ్మ చీపురు పట్టుకుంటే చాలు, ఆ చప్పుడుకే పొట్ట నేలకు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్నచోటనే ఒళ్లు జారవిడిచేది. దెబ్బ పడటానికి ముందు ఎలా ఉండాలో అది ఎక్కడో బాగా నేర్చుకుందని మాకు అర్థమైంది. పదో రోజు రాత్రి, దీన్ని తిరిగి అప్పగించడమే దానికీ మేలేమో అని నేను ఆశ్రయానికి ఫోన్ చేశాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అవతలివారు నన్ను నిందించలేదు. దాని వైపు చూడకుండా, పిలవకుండా, అదే గదిలో రోజూ అరగంట నేల మీద కూర్చుని పేపరు చదువుకోమని మాత్రం చెప్పారు. నాలుగో రోజుకు నా పాదానికి తడి ముక్కు తగిలింది.

తిండి విషయంలో తప్పు మాదే. ప్రేమ కొద్దీ అమ్మ రోజూ గిన్నెడు పాలు పోసింది. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవని, విరేచనాలు పట్టుకున్న తర్వాత గానీ మాకు తెలియలేదు. ఇప్పుడు చల్లారిన రాగి సంగటి, ఉడికించిన కోడిమాంసం, అప్పుడప్పుడు గుడ్డు పెడుతున్నాం. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తానికి హాని చేస్తాయి కనుక మా కూర దానికి పెట్టం. వేసవి మొదట్లో ఒకసారి తిండి మానేసి, చిగుళ్లు తెల్లగా పాలిపోతే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాం. పిడుదుల వల్ల వచ్చే జ్వరమని రక్తపరీక్షలో తేలింది, నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ మాత్రలు బెల్లంలో కాక మాంసం ముక్కల్లో దాచి మింగించాం. మా ఊరి మే నెల ఎండలో తారు రోడ్డు మీద అరచేయి ఆనించలేం, అలాంటప్పుడు దాని అరికాళ్లు మాత్రం ఎలా ఆనుతాయి? అందుకే ఆ కాలంలో షికారు తెల్లవారుజామునే ముగిస్తాం.

అదే షెడ్డు నుంచి వెళ్లిన మూడు కాళ్ల కుక్క ఒకటి ఇప్పుడు కల్లూరులో ఒక రిటైర్డు టీచరమ్మ ఇంట్లో మేడమెట్లు ఆమెకంటే వేగంగా ఎక్కుతోంది. అన్ని కథలూ ఇలా నడవవు. బాబు పుట్టినరోజుకని ఒక కుటుంబం ముద్దులొలికే కుక్కపిల్లను తీసుకెళ్లి, చెప్పులు కొరుకుతోందని పదిహేను రోజులకే తెచ్చి వదిలేసింది. నాలుగైదు నెలల పిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే కాలంలో ఏదో ఒకటి కొరకక తప్పదు. ఇంటి యజమాని ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఏటా రేబిస్ టీకా వేయిస్తారా అని ఆశ్రయంవారు అడిగితే కొందరు నొచ్చుకుంటారు. నా మట్టుకు ఆ ప్రశ్నలు ఇంకా రెండు ఎక్కువే ఉండాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది మళ్లీ వీధిన పడకుండా చూసుకోవాల్సిందే.

నల్లమ్మ ఇప్పుడు వాకిట్లో నట్టనడుమ, కాళ్లు బార్లా చాపి పడుకుంటోంది. తెల్లవారి అమ్మ చీపురు పట్టుకుని వచ్చి "లెయ్యే నల్లమ్మా, పక్కకు జరుగు" అంటే ఒక కన్ను మాత్రం తెరిచి చూసి మళ్లీ మూసుకుంటుంది. అమ్మ గొణుక్కుంటూ దాని చుట్టూ ఊడ్చుకుని, ఆ మిగిలిన జాగాలోనే ముగ్గు వేస్తుంది.